అప్‌డేట్: మగ్గం వర్క్ షాపు మూసేశాను

గుంటూరు బ్రాడీపేటలో మగ్గం వర్క్ షాపు ఆపేయాలా, ఇంకో పెళ్లిళ్ల సీజన్ చూడాలా అని అడిగాను కదా, ఆపేశాను. ఒప్పుకున్న బ్లౌజులన్నీ ఇచ్చేశాకే. ఫ్రేములు, ఆరీ సూదులు, మిగిలిన జర్దోసీ, కుందన్లు నా దగ్గర పనిచేసిన అమ్మాయే తీసుకుంది, డబ్బులు వాయిదాల్లో ఇస్తానంది, పర్లేదు.

రేటు పెంచి చూడమన్నారు కొందరు. పెంచాను, కానీ కంప్యూటర్ ఎంబ్రాయిడరీతో పోల్చి బేరమాడేవాళ్లకి చేతిపనికి ఎంత టైం పడుతుందో చెప్పీ చెప్పీ విసుగొచ్చింది, అసలు సంగతి అదీ కాదులెండి, మనసే అటు పోవట్లేదు. ఇప్పుడు ఆదివారాలు ఉప్పలపాడు చెరువు దగ్గర గూడబాతులు, ఎర్రకాళ్ల కొంగల ఫోటోలు తీస్తున్నా. "కొంగలు జీతమిస్తాయా?" అంటున్నారు మా అత్తయ్య. ఇవ్వవు, అందుకే సాయంత్రం ట్యూషన్లు మొదలుపెట్టాను. 30 వేల లోపు సెకండ్ హ్యాండ్ కెమెరా ఏది మంచిదో తెలిసినవాళ్లు చెప్పండి.