మా మాస్టారి పేరు ఖగోళ బోధన పురస్కారానికి ప్రతిపాదిస్తున్నాను, ఉత్తరంలో ఏం రాయాలి?

ధ్రువతార:

నేను ఖగోళ శాస్త్రజ్ఞురాలిని కాను. జమాఖర్చులు చూసే ఉద్యోగం నాది. డిగ్రీలో కామర్స్ చదివేటప్పుడు, సైన్సు చదవని వాళ్ల కోసం పెట్టిన ఖగోళ శాస్త్రం తరగతిలో ఒక ఏడాది కూర్చున్నాను. ఆ ఏడాది గురించే ఈ ప్రశ్న.

మొదటి రోజు మాస్టారు పుస్తకం తెరవలేదు. "నెల రోజులు చంద్రుణ్ణి చూసి రండి, తర్వాత పాఠం మొదలుపెడదాం" అన్నారు. తేదీ, సమయం, ఆకారం, ఏ దిక్కున ఎంత ఎత్తులో ఉన్నాడు, ఇవన్నీ రాసుకోవాలి. ఎవరైనా తెలిసినట్టు గబగబా చెప్పబోతే "ఏ రోజు చూశావు?" అని అడిగేవారు. చూడని రోజు గురించి మాట్లాడనిచ్చేవారు కారు. రెండో పని ఇంకా కష్టం. పడమటి కిటికీ దగ్గర ఒకే చోట నిలబడి, ఎదుట కనిపించే కప్పుల వరుసను బొమ్మ గీసుకుని, సూర్యుడు ఎక్కడ దిగాడో వారానికి ఒక గీత పెట్టాలి. జనవరి నుంచి జూన్ దాకా.

ఆయనకిప్పుడు 76 ఏళ్లు. చూపు బాగా మందగించింది. ఒక ఖగోళ సంఘం బోధన పురస్కారానికి పేర్లు పంపమని అడిగింది. రెండు పేజీలకు మించకూడదట. నేను నాలుగు పేజీలు రాశాను. తిరిగి చదివితే అది ఏ మంచి మాస్టారికైనా సరిపోయేలా ఉంది.

ఇంకో దిగులు కూడా ఉంది. ఆయన పరిశోధన పత్రాలేవీ రాయలేదు. కొత్తగా కనుక్కున్నదీ లేదు. పరిశోధనకే విలువ ఇచ్చే రంగంలో ఇలాంటి మనిషి పేరు పంపితే అసలు చదువుతారా?

వేగుచుక్క:

ధ్రువతార గారూ, నేను ఒక చిన్న బోధన పురస్కారానికి ఎంపిక సంఘంలో మూడేళ్లు పనిచేశాను. వచ్చిన ఉత్తరాలన్నిటిలోనూ అంకితభావం ఉండేది, స్ఫూర్తి ఉండేది, నిస్వార్థ సేవ ఉండేది. అవి అబద్ధాలని నేననను. కానీ ముప్పై ఉత్తరాల్లో అవే మాటలు ఉన్నప్పుడు ఒక మనిషిని ఇంకొక మనిషి నుంచి వేరుచేసి చూడటం మాకు సాధ్యమయ్యేది కాదు. "ఏ రోజు చూశావు?" అన్న మాట మీ నాలుగు పేజీల్లో ఉందా? లేకపోతే మొదటి వాక్యంగా పెట్టండి.

ఖగోళం చెప్పేవాళ్ల కష్టం వేరు. విద్యార్థి ఏమీ తెలియకుండా రాడు, తప్పుగా తెలిసి వస్తాడు. భూమి సూర్యుడికి దగ్గరైనప్పుడు ఎండాకాలం, దూరమైనప్పుడు చలికాలం అని బాగా చదువుకున్నవాళ్లు కూడా చెబుతారు. నిజానికి భూమి సూర్యుడికి అతి దగ్గరగా ఉండేది జనవరి మొదట్లో, సుమారు 14.7 కోట్ల కిలోమీటర్ల దూరంలో. అతి దూరంగా ఉండేది జులై మొదట్లో, 15.2 కోట్ల కిలోమీటర్లు. రుతువులకు కారణం భూమి అక్షం 23.5 డిగ్రీలు వాలి ఉండటమని చెప్పి వదిలేస్తే పరీక్షలో అదే రాసి, బయటికొచ్చి మళ్లీ పాత మాటే చెబుతారు. చంద్రకళలకు భూమి నీడ కారణమనుకోవడం కూడా ఇంతే. నెల రోజులు చూసినవాడికి మాత్రం ఆ పొరపాటు తనంతట తానే విడిపోతుంది. సగం చంద్రుడు కనిపించే వేళ సూర్యుడు చంద్రుడికి ఎదురు దిక్కున లేడు, ఆకాశంలో ఇంచుమించు 90 డిగ్రీల పక్కన ఉన్నాడు. భూమి నీడ అటు పడే వీలే లేదు.

కాబట్టి మీ మాస్టారి పద్ధతి వల్ల ఏ తప్పుడు నమ్మకం ఎలా పోయిందో ఒక్క ఉదాహరణ రాయండి, మీ సొంతది. ఆ పాత నోటు పుస్తకం ఉంటే ఒక పేజీ ఫొటో జతచేయండి. వేరే ఏడాది చదివినవాళ్ల ఉత్తరం ఇంకొకటి సంపాదించండి. ఆయన పద్ధతిని మరో టీచరు వాడుతున్నారని తెలిస్తే అది అన్నిటికన్నా బలం. పదవీ విరమణ చేసినవారిని పరిశీలిస్తారో లేదో నిబంధనల్లో ముందే చూసుకోండి.

పిల్లలకోడి:

రెండో ప్రశ్నకు నేను జవాబు చెబుతాను, ఎందుకంటే ఈ పతకాల చరిత్ర నాకు చాలా ఇష్టం.

పరిశోధనతో పోల్చి చూస్తారేమోనని భయపడకండి. రెండింటికీ దారులు వేరు. అమెరికాలో 1889లో మొదలైన ఆస్ట్రనామికల్ సొసైటీ ఆఫ్ ది పసిఫిక్ అనే ఖగోళ సంఘాన్నే తీసుకోండి. దాని బ్రూస్ పతకం జీవితకాల పరిశోధనకు ఇచ్చేది. కేథరిన్ వుల్ఫ్ బ్రూస్ అనే దాత ఇచ్చిన డబ్బుతో ఏర్పడింది. 1898లో మొదటిది అమెరికా ఖగోళ శాస్త్రజ్ఞుడు సైమన్ న్యూకూంబ్‌కు వచ్చింది, 1952లో మన ఖగోళ భౌతిక శాస్త్రజ్ఞుడు సుబ్రహ్మణ్యన్ చంద్రశేఖర్‌కు వచ్చింది. పేర్లు సూచించే పని మొదట్లో అబ్జర్వేటరీల డైరెక్టర్లది. పెద్ద పరిశోధకుడి పేరు చెప్పడానికి డైరెక్టర్లున్నారు. కాలేజీ మాస్టారి పేరు చెప్పడానికి ఎవరున్నారు? విద్యార్థులే ఉన్నారు. మీ ఉత్తరం విలువ అక్కడుంది.

అదే సంఘం సైన్సు చదవని కాలేజీ విద్యార్థులకు ఖగోళం చెప్పినవారికి రిచర్డ్ ఎమన్స్ పేరుతో ఒక పురస్కారం, హైస్కూలు టీచర్లకు థామస్ బ్రెన్నన్ పేరుతో మరొకటి ఇస్తుంది. మీ మాస్టారు చేసిన పనికే విడిగా ఒక పేరుందని చూశారా!

జనంలోకి ఖగోళాన్ని తీసుకెళ్లినవారికి క్లంప్కీ-రాబర్ట్స్ పురస్కారం ఉంది. డొరొతియా క్లంప్కీ పారిస్ అబ్జర్వేటరీలో పనిచేసింది, శనిగ్రహ వలయాల మీద సిద్ధాంత గ్రంథం రాసి 1893లో డాక్టరేటు పొందింది, 1899లో లియోనిడ్ ఉల్కలు చూడటానికి బెలూన్‌లో ఆకాశానికెక్కింది. ఆమె వదిలివెళ్లిన సొమ్ముతో నడిచే ఆ పురస్కారం 1974లో మొదట, ఖగోళాన్ని జనానికి అర్థమయ్యేలా చెప్పిన అమెరికా శాస్త్రజ్ఞుడు కార్ల్ సాగన్‌కు దక్కింది. అదే సాగన్‌ను 1992లో అమెరికా జాతీయ విజ్ఞాన అకాడమీ సభ్యుడిగా తీసుకోవడానికి ఒప్పుకోలేదు. రెండేళ్ల తర్వాత ఆ అకాడమీయే ఆయనకు ప్రజాహిత పతకం ఇచ్చింది. జనానికి చెప్పడం తక్కువ పని అనుకునేవాళ్లు అప్పుడూ ఉన్నారు, ఇప్పుడూ ఉన్నారు. నాకు ఆ సంగతి తలచుకుంటే నేటికీ బాధగానే ఉంటుంది.

తోకచుక్క:

పైవాళ్లు చెప్పినవన్నీ నిజమే. నాది ఒక్కటే మాట, ఆలస్యం చేయకండి.

హెన్రియెట్టా లీవిట్ హార్వర్డ్‌లో ఫొటో పలకలు పరిశీలించి, సెఫీడ్ తారల వెలుగు ఎన్ని రోజులకోసారి హెచ్చి తగ్గుతుందో దాన్ని బట్టి వాటి అసలు కాంతిని చెప్పవచ్చని 1912లో 25 తారలతో చూపింది. గెలాక్సీల దూరాలు కొలవడానికి దారి అక్కడే దొరికింది. ఆమె పేరు నోబెల్ బహుమతికి సూచించాలనుందని స్వీడన్ గణితవేత్త మిట్టాగ్-లెఫ్లర్ 1925లో ఆమె పేరిటే ఉత్తరం రాశాడు. ఆమె 1921 డిసెంబరులోనే చనిపోయింది. ఆ కబురు ఆయనదాకా చేరలేదు. చనిపోయినవారిని నోబెల్‌కు ప్రతిపాదించే వీలు లేదు.

బ్రిటన్‌లోని రాయల్ ఆస్ట్రనామికల్ సొసైటీ 1828లో కరొలిన్ హెర్షెల్‌కు బంగారు పతకం ఇచ్చింది. ఆ తర్వాత మరో మహిళకు, వెరా రూబిన్‌కు, ఇచ్చింది 1996లో. మధ్యలో 168 ఏళ్లు. అన్నేళ్లూ అర్హులు లేకపోయారంటే నేను నమ్మను. వారి కోసం గట్టిగా కలం పట్టినవాళ్లు లేకపోయారు.

మీ మాస్టారికి 76 అన్నారు. ఈ వారమే పంపండి.

ధ్రువతార:

ముగ్గురికీ నమస్కారాలు. రాత్రి అటక మీద పెట్టె దింపాను. నోటు పుస్తకం దొరికింది. సూర్యుడు రోజూ నేరుగా పడమరనే అస్తమిస్తాడని నేను అప్పటిదాకా నమ్మేదాన్ని. బొమ్మలో మార్చి గీతలు ఒకదానికొకటి దూరంగా, వారం వారం కుడివైపు జరుగుతూ ఉన్నాయి. చేయి చాచి బొటనవేలు అడ్డం పెడితే దాని వెడల్పుకు మించిన జరుగుడు. జూన్ మూడో వారానికి వచ్చేసరికి గీతలు ఒకదాని మీద ఒకటి పడి, అక్కడ కాగితం పెన్సిల్‌తో నల్లబడిపోయింది. "ఇక్కడ సూర్యుడు ఆగాడా?" అని పక్కన నేను రాసుకున్నాను. కింద ఎర్ర సిరాతో మాస్టారి రాత: "వచ్చే వారం కూడా చూడు."

ఆ పేజీనే జతచేశాను. మా తరగతిలో నాతో కూర్చున్న స్నేహితురాలు ఇప్పుడు బడిలో టీచరు. ఫోను చేసి మాట్లాడితే, తన పిల్లల చేత కూడా పదకొండేళ్లుగా కిటికీ దగ్గర గీతలు పెట్టిస్తున్నానని చెప్పింది. ఆ సంగతి మాస్టారికి తెలియదు. రెండో ఉత్తరం తనే రాస్తోంది. రేపు ఆదివారం ఇద్దరం వెళ్లి, పంపేముందు రెండూ ఆయనకు చదివి వినిపిస్తాం.