అమెరికన్ ఫుట్‌బాల్‌లో డిఫెన్స్ కోచ్ వృత్తి ఎలా ఉంటుంది? మా అబ్బాయి విషయంలో సలహా కావాలి

ప్రశ్న – మద్దిలపాలెం తండ్రి

అందరికీ నమస్కారం. మాది విశాఖపట్నం. మా అబ్బాయి ఇక్కడే ఇంజనీరింగ్ పూర్తిచేసి, డేటా అనలిటిక్స్‌లో ఎం.ఎస్. చదవడానికి అమెరికా వెళ్లాడు. చేతి ఖర్చులకు పనికొస్తుందని అక్కడి విశ్వవిద్యాలయపు అమెరికన్ ఫుట్‌బాల్ జట్టు వీడియో విభాగంలో చేరాడు. మొన్న ఫోన్ చేసి, చదువయ్యాక సాఫ్ట్‌వేర్ ఉద్యోగం వెతుక్కోనని, ఆ ఆటలోనే డిఫెన్స్ కోచ్‌గా స్థిరపడి ఎప్పటికైనా అక్కడి ప్రొఫెషనల్ లీగ్ అయిన ఎన్ఎఫ్ఎల్‌లో ఏదో ఒక జట్టుకు పనిచేయాలని ఉందని చెప్పాడు. వాడు ఇక్కడ కాలేజీలో కబడ్డీ ఆడాడు తప్ప, ఆ ఆటను ఏనాడూ మైదానంలోకి దిగి ఆడినవాడు కాడు.

ఆ వృత్తిలో ఏ మెట్టు తర్వాత ఏ మెట్టు వస్తుందో, ఎన్నేళ్లు పడుతుందో, నిలకడ ఎంతో మా ఇద్దరికీ తెలియదు. వాళ్లమ్మ చాలా కంగారు పడుతోంది. తెలియని విషయాన్ని కాదనడం నాకు ఇష్టం లేదు కనుక, తెలిసినవారు దయచేసి వివరంగా రాయగలరని కోరుతున్నాను.

జవాబు – ఎంవీపీ కాలనీ వాసి

అయ్యా, నమస్కారం. నేను పిట్స్‌బర్గ్‌లో చాలా ఏళ్లు ఉద్యోగం చేసి తిరిగి వచ్చినవాణ్ని. ఆ ఊళ్లో కాపురం ఉన్నవారికి ఈ ఆట ఒంటబట్టక తప్పదు.

ముందు మెట్ల సంగతి చెబుతాను. చాలామంది విశ్వవిద్యాలయ జట్టులో గ్రాడ్యుయేట్ అసిస్టెంట్‌గా మొదలవుతారు. అంటే పీజీ చదువుతూ, ఫీజు మినహాయింపూ కొద్దిపాటి భత్యమూ తీసుకుంటూ కోచ్‌లకు సహాయపడతారు. ఎన్ఎఫ్ఎల్‌లో అడుగుపెడితే తొలి పదవి సాధారణంగా క్వాలిటీ కంట్రోల్ కోచ్, అంటే వీడియోలు, గణాంకాలు విశ్లేషించి పై కోచ్‌లకు అందించేవాడు. ఆపైన ముందు వరుస అయిన డిఫెన్సివ్ లైన్‌కో, దాని వెనుక నిలబడే లైన్‌బ్యాకర్లకో, వెనుక వరుసలోని కార్నర్‌బ్యాక్‌లకో సహాయ కోచ్, తర్వాత ఆ విభాగానికే కోచ్, దానిపైన మొత్తం డిఫెన్స్‌ను నడిపే డిఫెన్సివ్ కోఆర్డినేటర్. వారిలో కొందరే హెడ్ కోచ్‌లవుతారు. లీగ్‌లో ఉన్నవి 32 జట్లే కాబట్టి పైకి వెళ్లేకొద్దీ పోటీ తీవ్రమవుతుంది.

మీ అబ్బాయి వీడియో విభాగంలో ఉన్నాడన్న సంగతిని తేలిగ్గా తీసుకోకండి. డిఫెన్స్ కోచ్ విద్యకు అక్షరాభ్యాసం జరిగేది అక్కడే. ప్రత్యర్థి ఆడిన ఒక్కొక్క ప్లేను, అంటే బంతి కదిలి ఆగేదాకా సాగే ఒక్కో దఫాను, ఆపి, వెనక్కి తిప్పి, అది ఎన్నో డౌన్ (పది గజాలు ముందుకు వెళ్లడానికి దక్కే నాలుగు ప్రయత్నాల్లో ఎన్నోది), ఇంకా ఎన్ని గజాలు కావాలి, బంతి మైదానంలో ఏ వైపు ఉంది, బంతితో పరుగెత్తే రన్నింగ్ బ్యాక్‌లు ఎందరు, లైన్ చివర నిలబడే టైట్ ఎండ్‌లు ఎందరు, ప్లే మొదలయ్యే ముందు ఎవరు పక్కకు కదిలారు, చివరకు బంతితో పరుగెత్తారా, పాస్ విసిరారా అన్నవన్నీ నమోదు చేయాలి. ఒక మ్యాచ్‌లో ఒక్కో జట్టు అరవై, డెబ్బై ప్లేల దాకా ఆడుతుంది. అటువంటి మ్యాచ్‌లు నాలుగైదు చూశాక, మూడో డౌన్‌లో ఏడు గజాలు కావలసి వచ్చినప్పుడు పాస్‌లు విసిరే ఆ క్వార్టర్‌బ్యాక్ ఎవరి వైపు చూస్తాడో కోచ్‌కు ఒక అంచనా ఏర్పడుతుంది. ఎన్ఎఫ్ఎల్ ఫైనల్ అయిన సూపర్ బౌల్‌ను ఆరుసార్లు గెలిచిన హెడ్ కోచ్ బిల్ బెలిచిక్ 1975లో బాల్టిమోర్ కోల్ట్స్‌లో వారానికి 25 డాలర్లకు ఈ పనితోనే మొదలయ్యారు. ఆయనా ఎన్ఎఫ్ఎల్‌లో ఆడినవారు కారు. న్యూయార్క్ జెయింట్స్ డిఫెన్సివ్ కోఆర్డినేటర్‌గా ఆయన 1991 జనవరి నాటి సూపర్ బౌల్‌కు రాసుకున్న వ్యూహపత్రం ఇప్పుడు ఆ ఆట ప్రముఖుల ప్రదర్శనశాల హాల్ ఆఫ్ ఫేమ్‌లో ఉంది. ఆ రోజు జెయింట్స్ బఫెలో బిల్స్‌ను 20-19 తేడాతో ఓడించారు.

అయితే ఈ వృత్తి పూర్తి స్వరూపం తెలియాలంటే విక్ ఫాంజియో జీవితాన్ని చూడమంటాను. 1958లో పెన్సిల్వేనియాలోని డన్‌మోర్ అనే చిన్న ఊళ్లో పుట్టిన ఆయన, ఆ ఊరి హైస్కూల్లోనే సహాయ కోచ్‌గా మొదలయ్యారు. నార్త్ కరోలినా విశ్వవిద్యాలయంలో గ్రాడ్యుయేట్ అసిస్టెంట్‌గా చేశాక, యుఎస్ఎఫ్ఎల్ అనే మరో లీగ్‌లోని ఫిలడెల్ఫియా స్టార్స్‌లో జిమ్ మోరా దగ్గర చేరారు. మోరా 1986లో న్యూ ఆర్లియన్స్ సెయింట్స్‌కు హెడ్ కోచ్‌గా వెళుతూ ఫాంజియోను లైన్‌బ్యాకర్ల కోచ్‌గా వెంట తీసుకెళ్లారు. అక్కడే పనిచేసిన డామ్ కేపర్స్ 1995లో కొత్తగా ఏర్పడిన కరోలినా పాంథర్స్‌కు హెడ్ కోచ్ కాగానే ఫాంజియోను కోఆర్డినేటర్‌ను చేశారు. తర్వాత ఇండియానాపొలిస్‌లో మళ్లీ మోరా, 2002లో హ్యూస్టన్‌లో మళ్లీ కేపర్స్. ఈ వరుసను కాస్త నిదానంగా చదవండి. ఈ రంగంలో ఉద్యోగం దరఖాస్తుతో వచ్చేది తక్కువ. పక్క బల్ల దగ్గర కూర్చుని మన పనిని కళ్లారా చూసినవారు రేపు పెద్ద పదవిలోకి వెళ్లినప్పుడు పిలిస్తే వచ్చేదే ఎక్కువ.

ఆయన తొలిసారి హెడ్ కోచ్ అయ్యేనాటికి వయసు 60 ఏళ్లు. డెన్వర్ బ్రాంకోస్ మూడు సీజన్ల తర్వాత తొలగించింది. అంతటితో ఆగిపోలేదు; మళ్లీ కోఆర్డినేటర్‌గా వచ్చి, 2025 ఫిబ్రవరిలో ఫిలడెల్ఫియా ఈగిల్స్‌కు సూపర్ బౌల్ అందించారు. మ్యాచ్ జరిగింది ఆయన ఎన్ఎఫ్ఎల్‌లో తొలి ఉద్యోగం చేసిన న్యూ ఆర్లియన్స్‌లోనే. ఆ రోజు ప్రత్యర్థి జట్టు కాన్సాస్ సిటీ క్వార్టర్‌బ్యాక్ పాట్రిక్ మహోమ్స్‌ను ఆరుసార్లు పడగొట్టారు. అందుకోసం ఒక్కసారి కూడా బ్లిట్జ్ చేయలేదు, అంటే ముందు వరుసకు తోడుగా అదనపు ఆటగాళ్లను ఎగదోయలేదు. ఈ రంగంలో అంతకన్నా అందమైన పనితనాన్ని నేను చూడలేదు.

మీ ఇంట్లో అమ్మగారి కంగారుకు మాత్రం కారణం ఉంది. హెడ్ కోచ్‌ను తీసేస్తే ఆయన కింది కోచ్‌లలో చాలామంది ఇల్లు ఖాళీ చేయక తప్పదు. ఊరు మారడం, పిల్లల బడి మారడం ఈ కుటుంబాలకు మామూలే.

జవాబు – కబడ్డీ శిక్షకుడు, గాజువాక

ఆడనివాడు నేర్పగలడా అన్న అనుమానానికి నాకు తెలిసింది రాస్తాను. ప్రస్తుతం సియాటిల్ సీహాక్స్ హెడ్ కోచ్‌గా ఉన్న మైక్ మెక్‌డొనాల్డ్ కాలేజీ స్థాయిలో కూడా ఆడలేదు. జార్జియా విశ్వవిద్యాలయంలో ఫైనాన్స్ చదువుతూ కోచింగ్‌లోకి వచ్చారు. 2014లో బాల్టిమోర్ రేవెన్స్‌లో ఇంటర్న్‌గా చేరి, మెట్టు మెట్టూ ఎక్కి, మధ్యలో ఒక ఏడాది మిషిగన్ విశ్వవిద్యాలయ కోఆర్డినేటర్‌గా చేసి, 2022లో రేవెన్స్ కోఆర్డినేటర్ అయ్యారు. 2023లో ఆయన డిఫెన్స్ అతి తక్కువ పాయింట్లు ఇవ్వడంలో, శాక్‌లలో (పాస్ విసరకముందే క్వార్టర్‌బ్యాక్‌ను పడగొట్టడం), బంతి లాక్కోవడంలో మూడింటా లీగ్‌లో మొదటి స్థానంలో నిలిచింది.

పేరున్న ఆటగాళ్లు కూడా కింది నుంచే రావలసి ఉంటుంది. హ్యూస్టన్ టెక్సాన్స్ హెడ్ కోచ్ డెమెకో రైన్స్ స్వయంగా గొప్ప లైన్‌బ్యాకర్. అయినా 2017లో శాన్ ఫ్రాన్సిస్కోలో క్వాలిటీ కంట్రోల్ కోచ్‌గానే మొదలుపెట్టారు.

మీ అబ్బాయి కబడ్డీ ఆడాడన్నారు. అది వృథా పోదు. మన ఆటలో కార్నర్ చీలమండ పట్టు పూర్తికాకముందే కవర్ ఆత్రపడి ముందుకు దూకితే, ఖాళీ అయిన ఆ సందులోంచి రైడర్ గీత దాటేస్తాడు. అక్కడ లైన్‌బ్యాకర్ తనకు అప్పగించిన సందు వదిలి బంతి వెంట పరుగెత్తినా ఫలితం అదే. ఎవరి చోటు వారు విడవకుండా ఏడుగురినో పదకొండు మందినో నిలబెట్టడమే డిఫెన్స్ నేర్పేవాడి పని. అయితే ఒక్క మాట. వీడియో గదిలో కూర్చుంటే కన్ను పదునెక్కుతుంది గానీ నోరు పదునెక్కదు. పాతికేళ్ల ఆటగాడికి అడుగు ఎక్కడ తప్పిందో రెండు ముక్కల్లో చెప్పి, అతను చిన్నబుచ్చుకోకుండా మళ్లీ వేయించగలగాలి. అందుకు అక్కడి హైస్కూల్ జట్లలో సెలవు రోజుల్లో ఉచితంగానైనా నేర్పే అవకాశం, వీసా నిబంధనలు అనుమతిస్తేనే, అడగమని చెప్పండి.

జవాబు – సీతమ్మధార నుంచి డాలస్

వీసా మాట ఎత్తారు కనుక నేను రాస్తాను. విద్యార్థి వీసాపై ఉన్నవారు తరగతులు జరిగే కాలంలో క్యాంపస్‌లో వారానికి 20 గంటలకు మించి పనిచేయకూడదు. ఈ జట్లలో పనికి వేళాపాళా ఉండదు కాబట్టి ఆ హద్దును తానే కనిపెట్టుకోవాలి. చదువయ్యాక అదే వీసాపై ఉద్యోగం చేసుకోవడానికి దొరికే అనుమతి, ఓపీటీ, 12 నెలలు. అర్హత ఉన్న సాంకేతిక కోర్సులకు మరో 24 నెలలు పొడిగింపు ఉంటుంది. ఆ కాలంలో చేసే ఉద్యోగం చదివిన చదువుకు నేరుగా సంబంధించినదై ఉండాలి. జట్టు గణాంకాల విశ్లేషణ డేటా అనలిటిక్స్‌కు సరిపోవచ్చు. మైదానంలో నిలబడి లైన్‌బ్యాకర్లకు నేర్పడం సరిపోతుందని చెప్పడం కష్టం. విశ్వవిద్యాలయాలకు ఉద్యోగ వీసా అయిన హెచ్1బీ వార్షిక పరిమితి వర్తించదు, ప్రొఫెషనల్ జట్లకు వర్తిస్తుంది. కాబట్టి విశ్లేషకుడిగా విశ్వవిద్యాలయ జట్టులోనే కొన్నేళ్లు నిలదొక్కుకోవడం నా దృష్టిలో మంచి దారి. ఏ అడుగు వేసినా ముందు అక్కడి అంతర్జాతీయ విద్యార్థుల కార్యాలయాన్ని అడిగి తీరాలి.

ప్రశ్నించినవారు

అందరికీ కృతజ్ఞతలు. ఇవన్నీ మా ఆవిడకు చదివి వినిపించాను. మ్యాచ్ జరిగేటప్పుడు ఈ కోఆర్డినేటర్ ఏం చేస్తాడని ఆమె అడుగుతోంది.

జవాబు – ఎంవీపీ కాలనీ వాసి

మైదానం అంచున నిలబడి గానీ, పైన అద్దాల గదిలో కూర్చుని గానీ ప్రతి ప్లేకూ ఏ అమరికలో నిలబడాలో ఆయనే నిర్ణయిస్తారమ్మా. 2008 నుంచి డిఫెన్స్‌లోనూ ఒక ఆటగాడి హెల్మెట్‌లో రేడియో ఉంటోంది. గుర్తుగా దాని వెనుక ఆకుపచ్చ చుక్క ఉంటుంది. కోచ్ మాట అతనికి వినిపిస్తుంది, అతను మిగతా పదిమందికీ అందిస్తాడు. తర్వాతి ప్లే మొదలుపెట్టడానికి ఉన్న గడువును చూపే ప్లే గడియారంలో 15 సెకన్లు మిగిలేసరికి ఆ రేడియో ఆగిపోతుంది. ఆ తర్వాత ప్రత్యర్థి అమరిక మార్చినా కోచ్ చేయగలిగింది లేదు. వారమంతా నేర్పినదాన్ని గుర్తుంచుకుని ఆటగాళ్లే సర్దుకోవాలి.

ఇంకొకటి. సీజన్ ముగిసే డిసెంబరు, జనవరి నెలల్లోనే అక్కడ కోచ్‌లు మారతారు, కొత్త నియామకాలు జరుగుతాయి. మీ అబ్బాయిని అంతకుముందే తన విభాగం పెద్దను కలిసి, విశ్లేషకుడి పదవి గానీ గ్రాడ్యుయేట్ అసిస్టెంట్ పదవి గానీ ఖాళీ అవుతుందేమో, తన పేరు ఎవరికి చెప్పగలరో అడగమనండి.