పుస్తకాల వల్ల కలిసిన స్నేహాలు నిలుస్తాయా?

ప్రశ్న: ఒకే నవల చదువుతూ ఆన్‌లైన్‌లో ఇద్దరు పరిచయమయ్యారు, ఇప్పుడు రోజూ మాట్లాడుకుంటున్నాం, ముఖాలు మాత్రం చూసుకోలేదు. చాలా దగ్గరివాళ్లనిపిస్తోంది. నవల అయిపోతే ఈ మాటలు కూడా ఆగిపోతాయేమోనని టెన్షన్. మీ అనుభవం ఎలా ఉంది?

జవాబు 1: ఆగిపోవాలనేం లేదండి. న్యూయార్క్ రచయిత్రి హెలీన్ హాన్ఫ్, లండన్ పాత పుస్తకాల షాపులో పనిచేసే ఫ్రాంక్ డోయల్ 1949లో ఒక పుస్తకాల ఆర్డర్‌తో మొదలుపెట్టి, 1968లో ఆయన పోయేదాకా ఉత్తరాలు రాసుకున్నారు, ఒక్కసారి కూడా కలవలేదు. యుద్ధం అయిపోయినా లండన్‌లో తిండికి ఇంకా రేషన్ నడుస్తోందని తెలిసి ఆవిడ షాపులో వాళ్లందరికీ తిండి పార్సిళ్లు పంపింది. ఇది స్నేహం కాకపోతే ఇంకేంటి?

జవాబు 2: మనకు బాగా నచ్చిన పాత్ర తమకు అస్సలు నచ్చకపోయినా, ఎందుకు నచ్చలేదో ఓపిగ్గా రాసేవాళ్లుంటారు చూడండి, నాకు వాళ్లతోనే స్నేహం ఎక్కువ కాలం నిలిచింది. అన్నిటికీ 'అవును, బావుంది' అనేవాళ్లతో మాటలు తొందరగా అయిపోతాయి.

జవాబు 3: తర్వాత ఏ పుస్తకం చదవాలో ఇప్పుడే మాట్లాడుకోండి, వారానికి ఇన్ని అధ్యాయాలని పెట్టుకుంటే ఎవరూ వెనకబడరు. ఇంటి అడ్రస్, డబ్బు విషయాలు మాత్రం బాగా తెలిసేదాకా వద్దు.

ప్రశ్న అడిగినవారు: థాంక్సండి, ఏది చదువుదామో ఈ రాత్రే వాళ్లని అడుగుతాను.