పాలిచ్చే తల్లి రోజ్‌మేరీ కషాయం తాగవచ్చా? తైలం సంగతేమిటి?

వేకువ (ప్రశ్న)

నా భార్యకు ప్రసవమై ఐదు నెలలైంది, బిడ్డకు పాలిస్తోంది. మూడో నెల నుంచి తల దువ్వినప్పుడల్లా జుట్టు కుచ్చులుగా ఊడుతుండడంతో ఎండు రోజ్‌మేరీ ఆకు తెప్పించుకుని, ఉదయం టిఫిన్‌తోనూ రాత్రి భోజనంతోనూ కషాయం తాగుతోంది. రక్తం తక్కువగా ఉందని డాక్టరుగారు రాసిన ఐరన్ మాత్రలు కూడా వాడుతోంది. ఇప్పుడు రోజ్‌మేరీ తైలం కొని, రెండు చుక్కలు తేనెలో వేసుకుని తాగవచ్చా అని అడుగుతోంది. మోకాళ్ల నొప్పులున్న మా నాన్నగారు కూడా కషాయం మొదలుపెడతానంటున్నారు. ఆయన రక్తం గడ్డకట్టకుండా ఇచ్చే వార్ఫరిన్ మందు వాడుతున్నారు. తెలిసినవారు దయచేసి చెప్పగలరు.

మందుల కొట్టు

వేకువ గారూ, నేను ఫార్మసిస్టును. అన్నిటికంటే ముందు, తైలాన్ని తేనెలోగాని మరి దేనిలోగాని కలిపి తాగనివ్వకండి. ఆకు వేరు, ఆకు నుంచి ఆవిరి పట్టి తీసిన తైలం వేరు. ఆ తైలంలో సినియోల్ అనే ఘాటైన పదార్థంతో పాటు కర్పూరం కూడా ఉంటుంది. కొన్ని రకాలలో అది పదో వంతుకు మించి ఉంటుంది. కర్పూరం కడుపులోకి వెళితే మూర్ఛ రావచ్చు. పూజ గదిలోని కర్పూరం బిళ్ల మింగి ఫిట్స్‌తో ఆసుపత్రికి చేరే పసిపిల్లల సంగతి మన వైద్యులకు బాగా తెలుసు. మూర్ఛవ్యాధి ఉన్నవారు ఈ తైలాన్ని పైపూతకు కూడా డాక్టరును అడగకుండా వాడకూడదు.

కషాయం విషయంలో నన్ను ఎక్కువగా కలవరపెడుతున్నది ఆమె దానిని తాగుతున్న వేళ. రోజ్‌మేరీలోని ఫినాలిక్ పదార్థాలు, టీలోని వాటిలాగే, ఆహారంలోని ఇనుమును పట్టుకుని ఒంటికి అందకుండా చేస్తాయి. 2001లో ప్రచురితమైన ఒక అధ్యయనంలో, భోజనంలో రోజ్‌మేరీ సారం కలిపినప్పుడు యువతుల శరీరంలోకి ఇనుము తక్కువగా చేరిందని తేలింది. ముఖ్యంగా ఆకుకూరలు, పప్పుల నుంచి వచ్చే ఇనుముకు ఈ ఇబ్బంది ఎక్కువ. ఇనుము లోపం వల్ల కూడా జుట్టు రాలుతుంది కనుక, జుట్టు కోసమని భోజనంతో పాటు తాగే కషాయమే జుట్టుకు అడ్డుపడే అవకాశం ఉంది. డాక్టరుగారిని అడిగి ఫెరిటిన్ (ఒంట్లో ఇనుము నిల్వ ఎంతుందో చెప్పేది), థైరాయిడ్ పరీక్షలు చేయించండి. ప్రసవానంతరం రెండు మూడు నెలలకు మొదలయ్యే జుట్టు రాలడం చాలామందిలో ఏడాదిలోపే దానంతటదే తగ్గుతుంది.

రైన్ తీరం

నేను జర్మనీలో ఉంటున్నాను. ఇక్కడ మందుల దుకాణాల్లో రోజ్‌మేరీ ఆకును అజీర్తికి అమ్ముతారు. మూలికలను పరిశీలించిన ఇక్కడి కమిషన్ ఇ, కడుపులోకి అజీర్తికి, పైపూతగా కీళ్ల, కండరాల నొప్పులకు దీనిని అంగీకరించింది. ఆకు రోజుకు 4 నుంచి 6 గ్రాములు అని మోతాదు కూడా చెప్పింది. ఐరోపా మందుల సంస్థ అభిప్రాయం కూడా దాదాపు ఇదే, కాని అది సంప్రదాయ వాడకం మీద ఆధారపడినది. గర్భిణులు, పాలిచ్చే తల్లులు మందుగా వాడవద్దని కూడా ఆ సంస్థ సూచిస్తుంది, ఎందుకంటే వారి విషయంలో తగినంత సమాచారం లేదు. కూరలో వేసుకునే చిటికెడు ఆకుకు ఈ పట్టింపు అక్కరలేదు. పిత్తాశయంలో రాళ్లున్నవారు మాత్రం కషాయం జోలికి పోకపోవడం మేలు.

మీ నాన్నగారి మోకాళ్లకు పైపూత చాలు. వార్ఫరిన్ వాడేవారు ఏ మూలికనైనా రోజూ తాగడం మొదలుపెట్టే ముందు డాక్టరుకు చెప్పాలి.

వేకువ

ఇద్దరికీ కృతజ్ఞతలు. కషాయం ఆపేస్తాము. తలకు రాసుకునే తైలం నిజంగా పనిచేస్తుందా?

మందుల కొట్టు

2015లో ఇరాన్ పరిశోధకులు వంశపారంపర్యంగా జుట్టు పలచబడుతున్న వందమందిలో రోజ్‌మేరీ తైలాన్ని, జుట్టు పెరగడానికి తలకు రాసే మందైన 2 శాతం మినాక్సిడిల్‌తో పోల్చారు. మూడు నెలలకు రెండు గుంపుల్లోనూ చెప్పుకోదగ్గ మార్పు లేదు. ఆరు నెలలకు రెండింటిలోనూ వెంట్రుకల సంఖ్య పెరిగింది. ఉత్తుత్తి మందుతో పోల్చిన గుంపు అందులో లేదు కనుక, ఆ ఒక్క అధ్యయనాన్ని నమ్ముకుని గట్టిగా ఏమీ చెప్పలేము. పైగా అది ప్రసవానంతర సమస్య మీద చేసినది కాదు.

రాయాలనుకుంటే, డాక్టరుగారు సరేనన్నాకే, 10 మిల్లీలీటర్ల కొబ్బరి నూనెకు నాలుగు చుక్కలు మించకుండా కలిపి, ముందుగా మోచేతి లోపలి వైపు రాసి ఒక రోజు చూడండి. దురద, ఎర్రదనం లేకపోతేనే తలకు రాయాలి. రాసుకున్నాక చేతులు సబ్బుతో కడుక్కుని, తల స్నానం అయ్యేవరకు బిడ్డను ఒళ్లోకి తీసుకోకుండా ఉండాలి. కర్పూరం, సినియోల్ ఉన్న తైలాలు పసిబిడ్డల ముక్కు దగ్గరకు చేరితే ఊపిరి ఆడక ఇబ్బంది పడే ప్రమాదం ఉంది.