చీమలు ‘ఎక్కినయి’, ‘పట్టినయి’: కుక్క గిన్నె దగ్గర ఏ మాట?

ప్రశ్న (నల్లగొండ):
వాకిట్ల కుక్కకు పెట్టిన బువ్వను చూసి కొందరు ‘చీమలు వట్టినయ్’ అంటరు, కొందరు ‘చీమలెక్కినయ్’ అంటరు. ‘బారు గట్టినయ్’ అనేటోళ్లు కూడా ఉన్నరు. వీధి కుక్కలకు తిండి పెట్టేటోళ్ల కోసం ఒక కాగితం రాస్తున్నం. మూడూ ఒకటేనా? చీమలు రాకుండ ఏం చెయ్యాల్నో కూడా చెప్తే అందుల్నే పెడతం.

జవాబు (దేవరకొండ):
ఒకటి కాదు సార్. బారు కట్టుడు నేల మీద, ఎక్కుడు గిన్నె గోడ మీద, పట్టుడు తిండి మీద. ‘పట్టు’ దాక వచ్చిందంటే తిండి పాడైనట్టే: బూజు పట్టుడు, తుప్పు పట్టుడు, చెద పట్టుడు అన్నీ అదే తీరు. కాగితం కూడా ఈ వరుసల్నే రాయుండ్రి, ఎక్కడ ఆపాల్నో తెలుస్తది.

బారు: తిండి దొరికిన చీమ పుట్టకు తిరిగి పోతూ నేలకు వాసన పూసుకుంట పోతది, మిగతాయి ఆ గీత వెంబడే వస్తయి. చీపురుతో ఊడిస్తే చీమలు చెదురుతయి గని వాసన పోదు. గిన్నె కాడి నుంచి గోడ పగులు దాక సబ్బునీళ్లతో రుద్ది కడగాలె.

ఎక్కుడు: గిన్నె కన్న వెడల్పు తలె తీసుకొని నడుమ చదునైన నాపరాయి ముక్క పెట్టి, దాని మీద గిన్నె పెట్టాలె. తలెల రెండు సెంటీమీటర్ల లోతు నీళ్లు. రాయికి, తలె అంచుకు నడుమ చుట్టూ మూడు నాలుగు సెంటీమీటర్ల నీళ్లుండాలె.

పట్టుడు: ఇగ చేసేదేం లేదు. పారబోసి, గిన్నె తోమి, మళ్ల పెట్టుడే.

జవాబు (పాలమూరు):
నీళ్ల తలె మంచిదే గని మూడు చోట్ల తప్పుతది. కుక్క మూతితో నెడితే గిన్నె తలె అంచుకు ఆనుతది, ఆనిన కాడ చీమలకు తొవ్వ దొరికినట్టే. నీళ్లల్ల మెతుకులు, ఈనెపుల్లలు పడితే అవే వంతెన. ఇగ ఎండకాలం మన దిక్కు పొద్దున పోసిన నీళ్లు సాయంత్రానికి సగం ఆవిరైతయి. పైన దుమ్ము తెట్టె కడితే చిన్న చీమలు దాని మీదనే నడుస్తయి. సబ్బు చుక్క వేస్తే మునుగుతయి, నిజమే. కానీ కుక్క ఆ నీళ్లే నాకుతది, వేయకుంటేనే మేలు. రోజూ పారబోసి కొత్తనీళ్లు పోయండి, దోమలు కూడా పెరగవు.

అన్నిటికన్న ముఖ్యం: అరగంటల తినకుంటే గిన్నె తీసేయాలె.

మాట సంగతికొస్తే, ‘పట్టు’ అంటే పాడగుడే అంటే ఒప్పుకోను. గోరింటాకు బాగ పట్టింది అంటం కద. అంటుకొని వదలకపోవుడు దాని అసలు అర్థం.

నల్లగొండ:
గోరింటాకు సంగతి నిజమే. మరి ‘వట్టినయ్’ తప్పా? ఇంకోటి, గిన్నె చుట్టూ చీమల సుద్ద గీత గీస్తే?

దేవరకొండ:
తప్పేం గాదు. వ్యాకరణంల ప్రథమా విభక్తి మాట తర్వాత వచ్చే క చ ట త ప లకు గ స డ ద వ లు వస్తయి: చీమలు + పట్టినయి = చీమలు వట్టినయి, బారు + కట్టినయి = బారు గట్టినయి. గసడదవాదేశమే. కాగితంల మాత్రం ‘పట్టినయి’ అని రాస్తే అందరికీ అందుతది.

సుద్ద వద్దు. అందుల ఉండేది పైరిత్రాయిడ్ జాతి పురుగుమందు. ఆ మందును కుక్క కొంత తట్టుకుంటది గని పిల్లి ఒంట్ల అది తొందరగ విరగదు. గీత తొక్కిన పిల్లి కాళ్లు నాక్కుంటది, ఒణుకు మొదలైతది. కలరా ఉండలు (నాఫ్తలీన్) కూడా గిన్నె దగ్గర పెట్టొద్దు, మింగితే కుక్కకూ విషమే.