డ్రిల్ చక్‌లో బిట్ జారిపోతోంది, చక్ మార్చాల్సిందేనా?

13 ఎంఎం కీ చక్ (బిట్‌ను మూడు దవడలతో పట్టుకునే, కీతో బిగించే ముందు భాగం) ఉన్న ఇంపాక్ట్ డ్రిల్. 6 ఎంఎం కాంక్రీట్ బిట్ గట్టిగానే పట్టుకుంటోంది. 10 ఎంఎంది మాత్రం గోడలోకి కాస్త దిగగానే చక్‌లోనే గిర్రున తిరుగుతోంది. ప్లగ్ పీకాకే బిట్ మారుస్తున్నాం (ట్రిగ్గర్ లాక్ పడి ఉంటే ప్లగ్ పెట్టగానే తిరుగుతుంది కదా). బిట్ నిటారుగానే కూర్చుంది, కీతో మూడు రంధ్రాల్లోనూ బిగించాం, దవడల్లో సిమెంటు దుమ్ము బ్రష్‌తో దులిపాం. బిట్ కాడ మీద చుట్టూ గీతలు పడ్డాయి.

దవడలు అరిగాయా, కాడే పాడైందా? తేల్చుకునేదెలా?

చక్ లోపలి స్క్రూ ఎడమ మర కాబట్టి గడియారం ముల్లు తిరిగే వైపే తిప్పాం, కదల్లేదు. తల చెడకుండా ఊడదీసే ఉపాయం చెప్పండి. దయచేసి ఎస్‌డీఎస్ మెషిన్ (గాడులున్న బిట్‌ను లోపలికి నొక్కితే లాక్ పడే డ్రిల్) కొనమనకండి!