మాంస శాస్త్ర శిక్షణ, పరిశోధన కేంద్రం: చిల్ రూమ్, కటింగ్ హాల్, ల్యాబ్ నక్షాలో ఏం చూసుకోవాలి?

మాంసవిభాగం_నక్షా

మా విశ్వవిద్యాలయంలో మాంస శాస్త్రానికి కొత్త కేంద్రం మంజూరైంది. వధశాల, చిల్ రూమ్ (కోసిన పశువు మొండేలను చల్లార్చే గది), కటింగ్ హాల్, ప్రాసెసింగ్, ల్యాబ్ అన్నీ ఒకే కప్పు కింద రావాలి. పెద్ద పశువులు, గొర్రెలు, పందులు మూడూ ఉంటాయి. ఒక్కో బ్యాచ్‌కు 20 మంది విద్యార్థులు. నక్షాలో 0 డిగ్రీల దగ్గర నడిచే పెద్ద చిల్ రూమ్ ఒక్కటే గీశారు. అది చాలుతుందా? మేత ప్రయోగాల ఫలితాలు నమ్మదగ్గవిగా రావాలంటే కట్టేటప్పుడే ఏయే జాగ్రత్తలు తీసుకోవాలి? తర్వాత గోడలు పగలగొట్టే పరిస్థితి రాకూడదని ముందే అడుగుతున్నాను.

చిల్‌రూమ్_డిజైన్

ఒకే గది వద్దండి. పరిశోధనకు అన్నిటికంటే ముఖ్యమైన గది ఇదే.

వధ అయిన వెంటనే కండ పీహెచ్ (ఆమ్లత్వపు కొలత, తగ్గేకొద్దీ ఆమ్లం ఎక్కువ) 7 దగ్గర ఉంటుంది. కండలో నిలవున్న చక్కెర రూపం గ్లైకోజన్ లాక్టిక్ ఆమ్లంగా మారుతున్నకొద్దీ దిగుతూ, 24 గంటలకు 5.5 చుట్టుపక్కలకు చేరుతుంది. పీహెచ్ దిగే వేగం, కండ చల్లబడే వేగం, ఈ రెండూ కలిసే మెత్తదనాన్ని తేలుస్తాయి. పీహెచ్ 6కు దిగకముందే కండ 10 డిగ్రీల కిందికి పడిపోతే, ఏటీపీ (కండకు శక్తినిచ్చే పదార్థం) ఇంకా మిగిలి ఉండగానే పీచుల్లో కాల్షియం పెరిగి అవి ముడుచుకుపోతాయి. కోల్డ్ షార్టెనింగ్ అంటే ఇదే. బాగా ముడుచుకున్న మాంసాన్ని తర్వాత ఎన్ని రోజులు మాగబెట్టినా పూర్తి మెత్తదనం రాదు.

దీనివల్ల పరిశోధన ఎలా పాడవుతుందో చూడండి. రెండు మేతల మధ్య తేడా కొలుస్తున్నామని మీరనుకుంటారు. నిజానికి కొలిచేది ఫ్యాన్ ముందు వేలాడిన కార్కాస్‌కూ (తోలు, పేగులు తీసిన పశువు మొండెం) మూలన వేలాడినదానికీ మధ్య తేడా. కొవ్వు పొర పలచగా ఉన్న గుంపు త్వరగా చల్లబడి గట్టిపడుతుంది, నింద మేత మీద పడుతుంది.

అందుకని మూడు గదులు అడగండి. రెండు చిన్న చిల్ రూమ్‌లు, వేటికవే విడి కంప్రెసర్, విడి కంట్రోలర్‌తో, 0 నుంచి 15 డిగ్రీల మధ్య ఎక్కడైనా నిలబెట్టగలిగేవి. మూడోది చల్లబడిన కార్కాస్‌లు నిలవ ఉంచే గది, 0–2 డిగ్రీలు. వేడి కార్కాస్‌ను చల్లటివాటి మధ్యకు తోస్తే దాని ఆవిరి పక్కవాటి మీద నీరై చేరుతుంది. తడి ఉపరితలం మీద బ్యాక్టీరియా పెరగడానికి అదే చాలు.

కంప్రెసర్ సైజు విషయంలో సరఫరాదారుడు సగటు లెక్క చూపిస్తే ఒప్పుకోకండి. 100 కిలోల కార్కాస్‌ను 38 నుంచి 7 డిగ్రీలకు దింపాలంటే, స్పెసిఫిక్ హీట్ (ఒక కిలోను ఒక డిగ్రీ మార్చే వేడి) 3.3 కిలోజౌళ్లుగా తీసుకున్నా, సుమారు 10,000 కిలోజౌళ్ల వేడి తీయాలి. ఆ వేడి 24 గంటలకూ సమానంగా పంచినట్టు రాదు, మొదటి గంటల్లోనే విరుచుకుపడుతుంది. సగటుకు కొన్న యంత్రం ఆ గంటల్లో చేతులెత్తేస్తుంది.

గాలి వేగం కార్కాస్‌ల మధ్య సెకనుకు 0.5 నుంచి 1 మీటరు, తేమ 90 శాతం దగ్గర ఉంచండి. గాలి ఎక్కువైతే తూకం పోతుంది. మామూలుగా నడిచే గదిలోనే మొదటి రోజు 1.5 నుంచి 2 శాతం దాకా తగ్గుతుంది. ఫ్యాన్లకు వేగం మార్చే డ్రైవ్ తప్పనిసరి.

మాంసవిభాగం_నక్షా

ధన్యవాదాలు సార్. మరి ఎలక్ట్రికల్ స్టిమ్యులేషన్ (కార్కాస్‌కు కరెంటు ఇవ్వడం) పెడితే పీహెచ్ త్వరగా దిగుతుంది కదా, అప్పుడు గది ఎంత చల్లగా ఉన్నా ఫర్వాలేదా?

చిల్‌రూమ్_డిజైన్

గొర్రెలకు బాగా పనికొస్తుంది. చిన్న కార్కాస్ కాబట్టి త్వరగా చల్లబడుతుంది, ముడుచుకునే ముప్పు వాటికే ఎక్కువ. కానీ రెండో వైపూ చూడాలి. కండ 35 డిగ్రీల పైన ఉండగానే పీహెచ్ 6 కిందికి వెళ్తే ప్రోటీన్ దెబ్బతిని రంగు పాలిపోతుంది, నీరు కారుతుంది. పెద్ద పశువు తొడ లోపలి కండకు ఈ ముప్పు ఉంటుంది, ఎందుకంటే అది నెమ్మదిగా చల్లబడుతుంది. పీహెచ్ 6 దాటే సమయానికి కండ 12–35 డిగ్రీల మధ్య ఉండాలి, గురి అదే. పందులకు స్టిమ్యులేషన్ వద్దు, వాటి పీహెచ్ అసలే వేగంగా దిగుతుంది. 45 నిమిషాలకే 6 కంటే తక్కువ ఉంటే పాలిపోయి, మెత్తబడి, నీరుకారే మాంసం వస్తుందని అనుమానించాలి.

విద్యార్థులు తిరిగే చోట హై వోల్టేజ్ పెట్టకండి. నెత్తురు తీసిన కొద్ది నిమిషాల్లోనే ఇచ్చే లో వోల్టేజ్ పద్ధతి చాలు. దానికి కూడా తలుపు తెరిస్తే కరెంటు ఆగిపోయే ఇంటర్‌లాక్ ఉండాల్సిందే.

శుభ్రత_తనిఖీ

మురికి వైపు నుంచి శుభ్రమైన వైపుకు దారి ఒక్కటే ఉండాలి, ఎక్కడా అడ్డం రాకూడదు. పశువుల కొట్టం, నెత్తురు, తోలు, పేగులు ఒక పక్క, చిల్ రూమ్, కటింగ్, ప్యాకింగ్ ఇంకో పక్క. గాలి కూడా శుభ్రమైన వైపు నుంచే మురికి వైపుకు పోవాలి. 20 మంది విద్యార్థులు పాఠం మధ్యలో అటూ ఇటూ తిరిగితే ఈ ఏర్పాటంతా వృథా. పైన అద్దాల గ్యాలరీ కట్టి, దానికి బయటి నుంచి విడి మెట్లు పెట్టండి.

పెద్ద పశువులకు నెత్తురు తీసే చోట రైలు (కార్కాస్‌లు వేలాడుతూ కదిలే పైపట్టా) నేల నుంచి 4.9 మీటర్లు, తోలు తీసే చోట, చిల్ రూమ్‌లో 3.4 మీటర్లు ఉంచుకోండి. రైలుకూ గోడకూ మధ్య 60 సెంటీమీటర్లు, రైలుకూ రైలుకూ మధ్య 90. కార్కాస్‌లు ఒకదానికొకటి తగిలిన చోట గాలి ఆడదు, అక్కడే బ్యాక్టీరియా జిగురు మొదలవుతుంది.

నేల వాలు ప్రతి 50కి 1 ఉండాలి, గోడ నేలను కలిసే చోట గుండ్రంగా తిప్పాలి. కాంక్రీటు పూర్తిగా ఆరకముందే ఎపాక్సీ పూస్తే పొరలుగా లేస్తుంది. నిర్మాణం ఆలస్యమైనప్పుడు తొందరపడేది సరిగ్గా ఇక్కడే.

కత్తులు ముంచే స్టెరిలైజర్ నీరు 82 డిగ్రీలు. ఇది హీటర్ దగ్గర కాదు, కత్తి మునిగే చోట కొలవాలి. పైపు పొడుగైతే తేడా బాగా వస్తుంది. మనిషికి రెండు కత్తులు, ఒకటి చేతిలో ఉంటే రెండోది నీటిలో. కత్తి పట్టని చేతికి స్టీలు గొలుసుల గ్లవ్. కటింగ్ హాల్ 12 డిగ్రీలు దాటకూడదు.

ఇంకో ముఖ్యమైన మాట. మందులో, కొత్త సంకలితాలో తినిపించిన ప్రయోగ పశువుల మాంసం అమ్మకంలోకి గానీ వంటశాలకు గానీ జారిపోకూడదు. నిలవ గదిలో తాళం వేసే జాలి గది ఒకటి, విడి రంగు ట్యాగులు నక్షాలోనే రాయించండి.

టెక్స్చర్_ల్యాబ్

ల్యాబ్ గురించి కొంచెం. బౌల్ చాపర్ (మాంసం సన్నగా తరిగే యంత్రం) ఉన్న గోడకు టెక్స్చర్ అనలైజర్‌ను (మెత్తదనం కొలిచే యంత్రం) ఆనించకండి. చాపర్ అదురు దానిలో బలాన్ని కొలిచే లోడ్ సెల్ దాకా వస్తుంది.

మాంసం కోయడానికి ఎంత బలం కావాలో కొలిచే వార్నర్-బ్రాట్జ్లర్ పరీక్షకు 2.54 సెంటీమీటర్ల మందం ముక్కలు, లోపలి ఉష్ణోగ్రత 71 డిగ్రీలు చేరేదాకా వండాలి. తర్వాత 2–5 డిగ్రీల్లో రాత్రంతా చల్లార్చి, 1.27 సెంటీమీటర్ల వ్యాసం కోర్లు (గుండ్రటి కడ్డీల్లాంటి ముక్కలు) పీచు వెంబడి తీసి, పీచుకు అడ్డంగా కోయాలి. ముక్కకు కనీసం 6 కోర్లు. విద్యార్థుల ఫలితాలు చెల్లాచెదురుగా వచ్చాయంటే చాలాసార్లు కారణం కోరు ఏటవాలుగా తీయడమే. ఒక చివర సన్నగా ఉన్న కోరును పారేయమని మొదటి క్లాసులోనే చెప్పాలి. ఒకే ఓవెన్, ఒకే థర్మోకపుల్ రకం వాడండి.

రంగు కొలిచే ముందు కోసిన ముఖాన్ని కనీసం 30 నిమిషాలు గాలికి వదలాలి. కోసిన వెంటనే కొలిస్తే ఎరుపు విలువ తక్కువగా వస్తుంది. డ్రిప్ లాస్ (మాంసం నుంచి కారిపోయే నీరు) కొలవడానికి ముక్కను సంచిలో వేలాడదీస్తారు. ముక్క సంచికి తగలకూడదు. తగిలితే నీరు అంటుకుపోయి లెక్క తప్పుతుంది.

మాంసవిభాగం_నక్షా

పీహెచ్ ప్రోబ్ గురించి కూడా చెప్పండి. వధ అయిన గంటలో తీసిన విలువల మీద నమ్మకం పెట్టుకోవచ్చా?

టెక్స్చర్_ల్యాబ్

ప్రోబ్‌ను వేడి కార్కాస్‌లో గుచ్చితే అదే చోట ఉష్ణోగ్రత కూడా రాసుకోవాలి, మీటర్‌లో ఉష్ణోగ్రత సవరణ పెట్టాలి. మరీ ముందు గంటల్లో ఖచ్చితమైన విలువ కావాలంటే కొంచెం కండ తీసి 5 మిల్లీమోలార్ సోడియం అయోడోఅసిటేట్, 150 మిల్లీమోలార్ పొటాషియం క్లోరైడ్ ఉన్న, పీహెచ్ 7కు సరిచేసిన ద్రావణంలో రుబ్బి కొలవాలి. అయోడోఅసిటేట్ గ్లైకోలిసిస్‌ను (గ్లైకోజన్ లాక్టిక్ ఆమ్లంగా మారే క్రియ) ఆపేస్తుంది కాబట్టి కొలిచేలోపు పీహెచ్ ఇంకా దిగిపోదు. అది విషపదార్థం, గ్లవ్స్, ఫ్యూమ్ హుడ్ తప్పనిసరి. ప్రోబ్ జవాబు చెప్పడం నెమ్మదిస్తే ప్రోటీన్ పేరుకుందని అర్థం. పెప్సిన్ కలిపిన పలుచని హైడ్రోక్లోరిక్ ఆమ్లంలో నానబెట్టి, కడిగి, పీహెచ్ 4, 7 బఫర్లతో (పీహెచ్ ముందే తెలిసిన ద్రావణాలు) మళ్లీ సరిచూడండి. నిలవ ఉంచేది 3 మోలార్ పొటాషియం క్లోరైడ్‌లో, మామూలు డిస్టిల్డ్ నీటిలో మాత్రం వద్దు.